మేస్త్రి మామ వదిలిన సందు

వానాకాలం రాకముందే వరస గదుల మా ముంబై చాల్ పైకప్పు మీద నీలం తాడ్‌పత్రి కడతారు. ప్లాస్టిక్ పట్టా అది. రేకుల మీద పరిచి, తాళ్లతో లాగి, అంచుల మీద ఇటుకలు పెడతారు. మే నెల చివర కామాటిపురలో ఏ గల్లీలో నిలబడి తల ఎత్తినా ఆ నీలమే. ఈ ఏడు మా కప్పు కట్టడానికి కొత్త మనిషి వచ్చాడు. పాత పట్టా చూసి పైనుంచే అరిచాడు.

"అక్కా, గీ మూలకు జానెడు సందు ఎవలు ఇడిసిపెట్టిన్రు? కట్టినోడు తాగి కట్టిండా?"

నేను కింద, గదుల ముందున్న గ్యాలరీలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. "తాగనోడే కట్టిండు" అన్నాను. ఆ తరువాత నాకు బియ్యంలో రాళ్లు కనబడలేదు. కళ్లు మసకబారాయి.

ఆ సందు వదిలిన మనిషి పోయిన వానల్లో చనిపోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. బతికి ఉన్నప్పుడు కూడా ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు, మేస్త్రి అనేవారు. నాకు చుట్టం కాడు. మా గదికి రెండు తలుపుల అవతల ఉండేవాడు, చిన్నప్పటి నుంచి మామా అనేదాన్ని. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి వరకే చదివాను. సామాన్ల చీటీ తప్ప ఇంతకు ముందు ఏమీ రాయలేదు. ఎక్కడ మొదలు పెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. గోడ దగ్గర మొదలు పెడతాను.

మామ ఎవరింటికి వెళ్లినా ముందు గోడ కొట్టేవాడు. కుడిచేతి నడిమి వేలు మడిచి, ఆ కణుపుతో టక్ టక్ మని రెండు దెబ్బలు. చెవి అటు తిప్పి వినేవాడు. "గట్టిగుంది" అంటే కూర్చునేవాడు. "లోపల ఖాలీ" అంటే టీ వచ్చేదాకా ఆ గోడనే చూస్తూ ఉండేవాడు. మా చెల్లెలి సంబంధానికి పెద్దమనిషిగా ధారావికి తీసుకెళ్లాం. పిల్లవాడి ఇంట్లో కాలు పెట్టాడో లేదో గోడ కొట్టి, అందరి ముందు "లోపల అంత ఖాలీ" అన్నాడు. పిల్లవాడి తల్లి మూతి ముడుచుకుని లోపలికి పోయింది. మామ భార్య, నేను అత్తా అనేదాన్ని, దారి పొడుగునా తిట్టింది.

"నీ ఏలు ఇరగ! గోడకు ఇస్తున్నమా పిల్లను?"

"గోడ ఖరాబుంటే ఇల్లు ఖరాబే గద" అన్నాడు మామ. అదే సంబంధం కుదిరింది. పెళ్లయ్యాక మామ వెళ్లి ఆ గోడ పాత ప్లాస్టర్ రాలగొట్టి, కొత్తది వేసి వచ్చాడు.

తాతల నాటి పని వాళ్లది. పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చినవాళ్లు. "మా తాతలు గీ పట్నం లేపిన్రు, పండనీకి మటుకు పది బై పది" అని నవ్వేవాడు. అయితే పని చెడితే మాత్రం నవ్వేవాడు కాదు. ఒకసారి నాగ్‌పాడాలో ఆయన వేసిన బాత్రూం నేల కింది ఇంట్లోకి కారింది. ఇంకా ఎవరూ గమనించలేదు. మరక ఆయనే చూశాడు. తనే కింది ఇంటి తలుపు తట్టి, "నేనే జేసిన, ఖరాబైంది" అన్నాడు. వాళ్లు నోటికి వచ్చినట్టు తిట్టారు. ఆయన స్టూలు మీద కూర్చుని అంతా విన్నాడు. మరునాడు నేల పగలగొట్టి మళ్లీ వేశాడు.

"తిట్లు పడ్డంక పాణం తేలికైతది బిడ్డా" అనేవాడు నాతో. "తిట్టకుంట పంపిస్తెనే బరువు."

ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా దీని మీదే ఉంది.

కొన్నేళ్ల కింద, తాబేళ్ల మీద పెద్ద చదువు చదువుతున్న ఒక మరాఠీ అమ్మాయి ఉండేది. మేడం అనేవాళ్లం. ఆమె గది కప్పు కారితే మామ వెళ్లి బాగు చేశాడు. అది చూసి, కొంకణంలో సముద్రం పక్కన వాళ్లు దిగే చోట బాత్రూం కట్టాలి, కంచె వేయాలి, సీజన్ అంతా ఉండాలి, వస్తారా అని అడిగింది. వంటకు కూడా ఒక మనిషి కావాలంది. మామ నా పేరు చెప్పాడు. ఆయన తాపీ, సిమెంటు మోసే గమేలా సంచిలో వేసుకుని మెట్లు దిగుతుంటే చాల్ అంతా గ్యాలరీల్లోకి వచ్చింది.

"ఏం మేస్త్రీ, తాబేళ్లకు చాల్ కట్టనీకి పోతున్నవా?"

"అవ్, గ్రౌండ్ ఫ్లోరే" అన్నాడు మామ. "మెట్లెక్కయ్ అవి."

"కామన్ నల్లా పెట్టు, కొట్లాడుకుంటయ్!"

అక్కడ పని ఇలా ఉండేది. తాబేలు ఒడ్డుకు వచ్చి ఇసుక తవ్వి గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూడదు. కుక్కలు, నక్కలు తవ్వి తినేస్తాయి. అందుకని గుడ్లు జాగ్రత్తగా తీసుకొచ్చి, ఒడ్డుకు ఎగువన కంచె వేసిన చోట, అంతే లోతులో గుంత తీసి పెడతారు. పిల్లలు పైకి వచ్చేదాకా కాపలా. మేడం చదువు ఆ ఇసుక వేడి మీద. గూట్లో ఒక చిన్న యంత్రం పెడితే లోపల ఎంత వేడి ఉందో అది గుర్తు పెట్టుకుంటుందట. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు పుడతాయి, తక్కువైతే మగపిల్లలు అని చెప్పింది.

మామ నోరు తెరిచాడు. "పొయ్యి మంటను బట్టి ఆడ మగనా? గీ మాట మా ఇంటిదానికి చెప్పకు, బిడ్డ పుట్టలేదని పొయ్యిని తిడ్తది."

కానీ ఆ ఏడు సముద్రం మేడం పని సాగనివ్వలేదు. అకాలంగా మబ్బులు, గాలి. యంత్రాలు రావలసిన పడవ ఖాడీకి, అంటే సముద్రపు పాయకు, అవతలి ఒడ్డునే ఆగిపోయేది. వచ్చాక వాన. వాన ఆగాక మళ్లీ గాలి. ఈలోపు ముందు పెట్టిన గూళ్లలో పిల్లలు వచ్చి సముద్రంలోకి పోయాయి, యంత్రం పెట్టకుండానే. మేడం గడప మీద కూర్చుని ఆకాశం చూసేది. నేను ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయేది. చివరికి ఒక్క గూడే మిగిలింది. అందులో యంత్రం పెట్టగలిగింది. ఆ గూడూ పోతే ఇంకో ఏడు ఆగాలి, అన్నాళ్లు ఆగడానికి పైవాళ్లు ఒప్పుకోరు అని నాతో ఒకసారి అంది. ఆమె చదువంతా ఆ ఇసుక కింద ఉంది.

ఆ గూటి తల్లిని మేము చూశాం. తెల్లవారుతుండగా ఆలస్యంగా వచ్చింది. మామ దూరంగా గొంతుక్కూర్చున్నాడు. వెనక కాళ్లతో, వెనక్కి చూడకుండానే ఇసుక తవ్వుతోంది. ఒక కాలు తీస్తుంటే ఇంకో కాలు ఆగుతోంది. గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తర్వాత ఒళ్లంతా ఎత్తి ఆ చోటు మీద దబ్ దబ్ మని కొట్టుకుంది. మామ నా చేయి పట్టుకున్నాడు.

"దిమ్మిస కొడుతున్నది సూడు! మా నాయిన గిట్లనే కొట్టేటోడు పునాదిల మన్ను."

అది సముద్రంలోకి వెళ్లాక మామ లేచి నిలబడి, "పోయిరా తల్లీ, స్లాబ్ ఏసి పోయినవ్, మిగిలింది మా పని" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే ఆ గూడు ఆయన తన మీద వేసుకున్నాడు.

పిల్లలు వచ్చే సమయం దగ్గర పడింది. యంత్రంలోంచి లెక్కలు తీసే వైరు చెడిపోతే, బాగు చేయించడానికి మేడం ముంబై వెళ్లింది. వెళ్లేటప్పుడు చెప్పింది, "మామా, వాన వస్తే గూటి చుట్టూ కాలువ తీయండి, అంతే. ఇంకేమీ చేయకండి." మామ తల ఊపాడు.

ఆమె వెళ్లాక తుఫాను వచ్చింది. చెట్లు పడి ఘాట్ రోడ్డు మూసేశారు. ఖాడీ మీద పడవలు ఆపేశారు. ఫోన్లు పోయాయి. కాపలాకు వచ్చే ఊరివాళ్లు తమ ఇళ్ల కప్పులు పట్టుకుని ఉన్నారు. కంచె దగ్గర మామ, నేను.

మామ కాలువ తీశాడు. నీళ్లు అందులోంచి పోతున్నాయి. పని అయిపోయింది, గుడిసెలోకి రా అన్నాను. రాలేదు. వానలో నిలబడి ఇసుక మీద పడే చినుకులు చూస్తున్నాడు. కొత్తగా వేసిన స్లాబ్ మీద వాన పడితే మేస్త్రి ఎలా చూస్తాడో అలా. తర్వాత గబగబా వచ్చి నా వంట పాక మీది తాడ్‌పత్రి విప్పడం మొదలుపెట్టాడు.

"మామా, పొయ్యి తడుస్తది!"

"పొయ్యి మల్ల ముట్టించొచ్చు."

"మేడం ఏం చెప్పింది? కాలువ తీయమన్నది, బస్."

"మేడంకు ఎర్కనా గింత వాన పడ్తదని? పచ్చి స్లాబ్ మీద వాన పడ్తుంటె కప్పకుంట చేతులు కట్టుకుని నిలబడ్డోడు మేస్త్రేనా?"

గూటి మీద పట్టా పరిచి చుట్టూ రాళ్లు పెట్టాడు. రాయికీ రాయికీ మధ్య ఇసుక పోసి అరచేత్తో నున్నగా దిద్దాడు. చాలా శుభ్రమైన పని. చీమ కూడా దూరదు.

వాన తగ్గింది. తర్వాత ఎండ వచ్చింది. తుఫాను తర్వాత ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా, కడిగిన ఎండ, చుర్రుమంటుంది. మేడం ఇంకా రాలేదు. పట్టా లోపలివైపు చెమ్మ పట్టింది. నాకే ఏదోలా అనిపించింది.

"మామా, ఎండ దంచుతున్నది. తీసెయ్."

"ఇంజనీర్ రాకముందు సెంట్రింగ్ ఇప్పుతరా ఎవలన్న?"

"గిది స్లాబ్ కాదు మామా, గుడ్లు."

"మల్ల మబ్బు పట్టింది సూడు దూరంల. ఆమె వచ్చి సూసి ఇప్పమంటె ఇప్పుత."

సైటులో అదే కట్టుబాటు. స్లాబ్ వేసినవాడు దాని కింద కట్టిన పలకలు తన ఇష్టానికి విప్పడు. ఇంజనీర్ వచ్చి చూసి, ఊ అంటేనే. మామ బతుకంతా ఆ కట్టుబాటు మీదే నడిచింది. మర్నాడు కూడా అదే ఎండ, అదే మాట.

మేడం ఎవరో చేపలవాళ్ల పడవలో ఖాడీ దాటి, అక్కడ నుంచి నడిచి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. కంచె బయటే నీలం పట్టా చూసి ఆగిపోయింది. సంచి కింద పెట్టింది. ఒక్కో రాయి తీసి పక్కన పెట్టింది, విసరలేదు. పట్టా ఎత్తింది. అరచేయి ఇసుక మీద పెట్టింది. మామ కూడా వంగి పక్కనే తన చేయి పెట్టాడు. రెండు చేతులూ అలా ఉన్నాయి. ముందు మామే చేయి తీసేశాడు.

తర్వాతి రోజుల్లో కొన్ని పిల్లలు వచ్చాయి. చేతివేళ్లకు సరిపోయేన్ని. ఇంకా వస్తాయని చూశాం. రాలేదు. మేడం గూడు తవ్వింది. మిగతావి లోపలే ఉండిపోయాయి. కొన్ని గుడ్లలో పిల్ల మొత్తం తయారై ఉంది, కళ్లు కూడా. మామ ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆయన చేయి సిమెంటుకు పగిలి బండలా ఉండేది. ఆ చేతిలో అది బొత్తాం అంత ఉంది.

"మేడం" అన్నాడు. "తాడ్‌పత్రి మూలానేనా?"

ఆమె యంత్రం తుడుస్తోంది. తల ఎత్తలేదు. "వాన వల్ల మామా. నీళ్లు ఎక్కువయ్యాయి. మీరేం చేస్తారు?"

"ఇసుక కాలుతుండె గద?"

"వాన వల్లే" అంది మళ్లీ. లేచి గుడిసె వెనక్కి వెళ్లింది. నేను నీళ్లు తేవడానికి అటు వెళ్తే ముఖం కడుక్కుంటోంది. మళ్లీ మళ్లీ కడుక్కుంటోంది. ముసలాయన మనసు నొప్పించకూడదని అలా చెప్పిందని నాకు తెలిసింది. ఆమె మంచిది. ఆమె చదువు అక్కడ ఆగిపోయింది, మరో ఉద్యోగానికి వెళ్లిందని విన్నాను. వెళ్లేటప్పుడు కూడా మామకు దండం పెట్టి వెళ్లింది. అదే ఆయన్ని తినేసింది.

చాల్‌కు తిరిగి వచ్చాక పిల్లలు "కాసవ్ మేస్త్రీ" అని మరాఠీలో తాబేలు పేరు పెట్టి పిలిచేవారు. ఆయన పలికేవాడు. కానీ గోడ కొట్టడం మానేశాడు. ఎవరింటికి వచ్చినా తిన్నగా వచ్చి కూర్చునేవాడు. నేను మొదట గమనించలేదు. అత్త చెప్పింది.

ఇంకో అలవాటు వచ్చింది. మూతలు తీసేవాడు. అన్నం గిన్నె, నీళ్ల బిందె, పిండి డబ్బా, ఏది కనబడినా మూత కొంచెం జరిపి పెట్టేవాడు. కిటికీ మూయనిచ్చేవాడు కాదు. వాన జల్లు పరుపు మీద కొట్టేది.

"ఏం పాపం జేసినమో పోరీ" అని అత్త నా దగ్గర ఏడ్చింది. "కూరల బల్లి పడేటట్టున్నది. ఏందయ్యా అంటె గాలి ఆడాలె అంటడు. నాకు గాలి ఆడ్తలేదు ఈయనతోని!"

ప్రతి వానాకాలం ముందు చాల్ కప్పు ఆయనే కట్టేవాడు. ఇప్పుడు కడితే ఏదో ఒక మూల జానెడు సందు వదిలేవాడు. కింద ఇళ్లలో నీళ్లు కారేవి. పక్క గదుల వాళ్లు మీదికి వచ్చారు.

"మేస్త్రీ, నీ పుణ్యాన మా పిల్లలు మంచంల ఈత కొడుతున్రు!"

"మూసేస్తె ఉడుకుతది" అనేవాడు మామ, నెమ్మదిగా.

"మేం గుడ్లమా ఉడకనీకి?"

ఆ మాట అన్నవాడికి ఏమీ తెలియదు. ఊరికే నోటికి వచ్చింది. మామ కిందికి దిగి రెండు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత పక్క గదుల వాళ్లు ఎవరి భాగం వాళ్లు వేరే వాళ్లతో కట్టించుకున్నారు. మా గది మీదిది మాత్రం మామే కట్టేవాడు. సందు కింద నేను బకెట్ పెట్టుకునేదాన్ని.

ఒకరోజు నా దగ్గరికి వచ్చి మేడంకు ఫోన్ కలపమన్నాడు. కలిపాను. ఆమె గుర్తు పట్టింది, సంతోషపడింది. మామ తన మరాఠీలో అడిగాడు, "బిడ్డా, ఒక్కసారి నిజం చెప్పు, నా చెయ్యా, వాననా?" ఆమె, "అదంతా మర్చిపోండి మామా, వానే" అంది. మామ ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"మల్ల వాన మీదనే పెట్టింది" అన్నాడు. "తిట్టలే సూడు. ఆమె పని మొత్తం నాశనం జేస్తి, ఒక్క మాట తిట్టలే. నేను తిట్టనీకి గూడ పనికిరానా?"

పోనీలే మామా అన్నాను. అందరం ఆ మాటే అనేవాళ్లం. పోనీలే.

ఏళ్ల తరబడి మింగిన సిమెంటు దుమ్ము చివరికి ఆయన ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. పోయిన వానల్లో మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం అత్త మందులు తేవడానికి వెళ్తూ నన్ను కూర్చోబెట్టింది. బయట వాన. కిటికీ తెరిచే ఉంది. మామ గోడవైపు పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

"నువ్వుంటివి గద" అన్నాడు. "ఎండ కొట్టినప్పుడు నువ్వు అన్నవ్ గద తియ్యమని?"

పోనీలే మామా అనబోయాను. ఆయన ఇటు తిరిగాడు. ఆ ముఖం చూసి ఆ మాట నా నోట్లోంచి రాలేదు. ఆయన నాగ్‌పాడాలో స్టూలు మీద కూర్చున్న రోజు గుర్తొచ్చింది.

"తియ్యమనే అన్న" అన్నాను. "ఒక్కసారి గాదు. ఇన్నవా నువ్వు?"

ఆయన రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"కాలువ తీసి ఊకోమన్నది ఆమె. ఊకున్నవా? నా పాక మీది పట్టా గుంజుకపోతివి. స్లాబట, సెంట్రింగట! పాణమున్నదానికి సిమెంటుకు తేడా తెల్వదా ముసలోడా? ఆ పోరి ఎన్నాళ్లు ఆకాశం దిక్కు సూసుకుంట కూసున్నది! ఒక్క గూడు మిగిలితె దాన్ని ఉడకబెడ్తివి. వాన గాదు, ఏం గాదు. నీ చెయ్యే. నీ మొండితనమే. చీమ దూరకుంట కట్టినవ్ గద, గంత మంచిగ ఎవడు కట్టమన్నడు నిన్ను?"

ఎదురుగా ఊపిరి అందని మనిషి. ఏం చేస్తున్నానో నాకే భయం వేసింది. గ్యాలరీలో వెళ్తున్న వాళ్లు ఆగి లోపలికి చూశారు, చావబోతున్న వాణ్ణి తిడుతోంది అన్నట్టు.

మామ అంతా విన్నాడు. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. నేను ఆపాక, "ఇంకేమన్న ఉన్నదా?" అన్నాడు.

"లేదు మామా."

"మంచిగ తిట్టినవ్" అన్నాడు. కళ్ల నీళ్లు పక్కకు జారి చెవిలోకి పోతున్నాయి. కొంచెం సేపయ్యాక చేయి లేపాడు. నడిమి వేలు మడిచాడు. మంచం పక్కనున్న గోడ మీద రెండు దెబ్బలు కొట్టాడు. చప్పుడు సరిగా రాలేదు, చేతిలో బలం లేదు. అయినా చెవి అటు తిప్పి విన్నాడు.

"ఏమంటున్నది మామా?"

"అంత ఖాలీ" అన్నాడు. "కొట్టేసి మల్ల కట్టాలె."

అత్త మందులతో వచ్చేసరికి నిద్రపోతున్నాడు. ఆ వారంలోనే పోయాడు. నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ నాకు తెలియదు. చావబోయే మనిషితో అలా మాట్లాడతారా అని గ్యాలరీలో కొందరు నాతో మాట్లాడడం మానేశారు. అత్త మాత్రం మానలేదు. దినాల నాడు అన్నం గిన్నె మీద మూత గట్టిగా పెట్టి, మళ్లీ చేయి ఆగి, కొంచెం జరిపింది.

కప్పు మీద కొత్త మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఏం జేద్దాం అక్కా? సందు మూసెయ్యమంటవా?"

బియ్యం చాట పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. తల పైకెత్తాను.

"మూసెయ్ తమ్మీ! ఏండ్ల సంది నీళ్లు కారుతున్నయ్ ఆ సందులకెల్లి. పని ఖరాబు జేసిండు కట్టినోడు" అన్నాను గట్టిగా, కప్పు దాకా, ఇంకా పైదాకా వినబడేలా.